ఇరవై మూడో వంపు

పోయిన ఆదివారం ఆదిలాబాద్ నుంచి నా పేరు మీద బస్సు పార్సిల్లో ఒక అట్టపెట్టె వచ్చింది. మంచిర్యాల బస్టాండుకు పోయి తెచ్చుకున్నాను. నస్పూర్‌లో మా ఇంటిదాకా ఆటోలో దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. తెరిస్తే పైన ఒక పాత గళ్ల లుంగీ. లుంగీ మడత విప్పకముందే అత్తరు వాసన కొట్టింది. లోపల ఏముందో అప్పుడే తెలిసిపోయింది.

చాచా పోయి నలభై రోజులు దాటింది. నలభయ్యో రోజు ఫాతెహా చదివించాక ఆయన వస్తువులు ఎవరివి వాళ్లకు ఇచ్చేశారట. ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "టేపు డెక్కు నీకే ఇయ్యమన్నడు చెల్లె. దాంతోని ఒక క్యాసెట్. 'జిరాక్స్ పిల్లకు తప్ప ఎవలకూ ఇయ్యద్దు' అని రెండుసార్లు చెప్పిండు అబ్బా."

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఒక్క కాగితం మీద ఉండాలని ఆయన కోరుకున్నాడు. ఆ కాగితం రాలేదు. అక్కడ లేని పేరును ఇంకెక్కడో రాయబుద్ధి కావడం లేదు.

కరీంనగర్‌లో టవర్ సర్కిల్ దగ్గరి ఒక సందులో జిరాక్స్, డీటీపీ షాపులో నేను నాలుగేళ్లు పనిచేశాను. డిగ్రీ అయిపోయింది, హాస్టల్లో ఉండేదాన్ని. ఆ పని నాకు నచ్చడానికి కారణం ఒకటే, అందులో మాట్లాడే అవసరం తక్కువ. ఎన్ని కాపీలు, ఒక వైపా రెండు వైపులా, ఈ రెండు ప్రశ్నలతో రోజు గడిచిపోయేది. ఖాళీ దొరికితే స్టాప్లర్ల డ్రాయర్లో దాచుకున్న నవల చదువుకునేదాన్ని. లేకపోతే డైరీ రాసుకునేదాన్ని.

మా పక్కనే చాచా దుకాణం. మా షట్టర్లో సగం వెడల్పు కూడా ఉండేది కాదు. బోర్డు మీది అక్షరాల్లో 'టేప్' అన్నది మాత్రం ఇంకా కనబడేది. సన్నటి మనిషి. చెవి మడతలో ఎప్పుడూ అత్తరు దూది. టేపు హెడ్డు తుడవడానికి వేరే దూది, స్పిరిటు సీసా పక్కనే ఉండేవి. అయినా పనిలో మునిగాక ఆయన చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికే పోయేది. అందుకే ఆయన చేతిలో బాగుపడిన క్యాసెట్లన్నీ అత్తరు వాసన వేసేవి. "చాచా, నువ్వు బోర్డు పెయింట్ ఏపియ్యకున్నా నడుస్తది. గిరాకులు వాసన పట్టుకొని వస్తరు," అని మా ఓనరన్న ఎగతాళి చేసేవాడు.

ఈ రోజుల్లో క్యాసెట్లు ఎవరు తెస్తారని మొదట్లో నేనూ అనుకున్నాను. తెచ్చేవాళ్లు. మెట్‌పల్లి నుంచి, జగిత్యాల నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి. ఒకప్పుడు మా దిక్కు మనుషులు దుబాయ్‌కో మస్కట్‌కో పోయి, రాయడం రాక, ఫోన్ చేసే దారి లేక, చెప్పదలుచుకున్నదంతా క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అరవై నిమిషాల ఉత్తరం అన్నమాట. ఆ మాట్లాడినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. క్యాసెట్లు మాత్రం బియ్యం డబ్బాల్లో, ట్రంకుపెట్టెల్లో మిగిలాయి. వాటిని ఫోన్లోకి ఎక్కించి ఇవ్వమని చాచా దగ్గరికి తెచ్చేవారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. క్యాసెట్లో మాట మొదలయ్యే ముందు నాలుగైదు క్షణాలు ఉత్త హోరు వినబడుతుంది కదా, దాన్ని ఆయన గాలి అనేవాడు. ఇయర్ ఫోన్ ఒక చెవిలో పెట్టుకొని, కళ్లు మూసుకొని, ఆ గాలి వింటూనే స్క్రూలు తిప్పి యంత్రాన్ని సరిచేసేవాడు. అవతలి మనిషి మొదటి మాట పడగానే ఇయర్ ఫోన్ తీసి, వచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాడు. సరిగ్గా కుదరకపోతే టేపు వెనక్కి తిప్పి మళ్లీ గాలి నుంచి మొదలుపెట్టేవాడేగానీ, మాట మాత్రం వినేవాడు కాదు.

"గది వాళ్ల ఖత్ బేటా," అన్నాడొకసారి. "మంది ఉత్తరం మనం సదువుతమా? గాలి మనది. మాట వాళ్లది."

ఇంకో అలవాటు కూడా ఉండేది. పని అయ్యాక, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఏం పాడైంది, ఎట్లా బాగుచేశాడు, అన్నీ విప్పి చూపించేవాడు. వాళ్లకు అర్థమై "ఓస్, గింతేనా?" అనేదాకా వదిలేవాడు కాదు. ఆ మాట వినబడగానే ముఖం వెలిగిపోయేది. "హౌ, గింతే!" అని తొడ మీద చరుచుకునేవాడు. వేరే మెకానిక్‌లకు ఆ మాటంటే కోపం. ఇంత చిన్న పనికి అంత తీసుకున్నావా అన్నట్టు ఉంటుందట. చాచాకు మాత్రం ఎదుటివాళ్లు ఆ మాట అననిదే పని పూర్తయినట్టు కాదు.

నేను చేరే నాటికే ఆయన ఒక చిక్కుముడితో కుస్తీ పడుతున్నాడు. నాకు అర్థమయ్యేటట్టు నా చున్నీ అంచు పట్టుకొని చెప్పాడు. "సూడు. పాత టేపుకు ఒక అంచు సాగి, కుచ్చిళ్లు పెట్టినట్లయితది. ఇంకో అంచు మంచిగనే ఉంటది. యంత్రంల టేపు నడిచే తొవ్వకు గైడ్లుంటయి. గుంజల్లెక్క నిలబడి, కిందొక గోడ, మీదొక గోడ. నడుమ టేపు నడవాలె. సాగిన అంచు పోయి గోడకు కొట్టుకుంటది, మడత పడతది. మడత పడ్డకాడ మాట పాయె."

పాత టేపులను మడత పడకుండా నడిపించే గైడు చేయాలన్నది ఆయన పట్టుదల. సైకిల్ చువ్వలు అరగదీసి, కుట్టుమిషన్ బాబిన్లు కోసి, రోజుకొకటి చేసి చూసేవాడు. నేను ఎప్పుడూ రాసుకుంటూ ఉండడం చూసి ఒకరోజు కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

"ఏం రాస్తవు బేటా గంతగనం?"

"ఏం లేదు చాచా."

"ఏం లేందే గన్ని పేజీలా? మరి నాది గూడ జర రాయి. నిన్న ఏ స్క్రూ ఎంత తిప్పిన్నో ఇయ్యాల యాదుంటలేదు."

అప్పటి నుంచి షట్టర్ దించే వేళకు వచ్చి చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ఒకటి: మీది గోడ తీసేశాను, టేపు పైకెక్కి బయటికి వచ్చింది. నాలుగు: గుంజను వంచాను, టేపు కిందికి దిగి మంచి అంచు కూడా నలిగింది. ఎనిమిది: గోడ తీసి, గుంజ వంచి, రెండూ కలిపి చేశాను, టేపు కుప్పపడింది. ఈ ఎనిమిది నన్ను తర్వాత ఎన్నిసార్లు నిద్రలోంచి లేపిందో. రెండూ కలిపిన ఆ పద్ధతినే ఆయన వదలకుండా పదిహేడు దాకా రకరకాలుగా చేసి చూశాడు. ప్రతిసారీ టేపు నలిగింది. వాటి మధ్యలోనే నా డైరీలో నా సంగతులూ ఉండేవి. హాస్టల్ పప్పులో పురుగు, చదివిన నవల ముగింపు నచ్చకపోవడం, అవ్వ ఫోన్లో దగ్గడం. పదిహేడు కింద, 'ఈరోజు చాచా చాయ్ తాగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు' అని ఉంది.

ఇరవై మూడోసారి కుదిరింది. మీది గోడ తీసేసిన గుంజలే, కానీ హెడ్డుకు ఇవతలి గుంజ ఒక వైపు వంగితే, అవతలి గుంజ దానికి ఎదురు వైపు వంగాలి. ఎంత అంటే, మొదటిదాంట్లో సగం కంటే జర తక్కువ. ఇవతల కిందికి జారిన టేపును అవతలిది నొప్పి తెలియకుండా మీదికి లేపుతుంది. ఆ సాయంత్రం ఆయన డెక్కు మా షాపులోకి తెచ్చి ఇయర్ ఫోన్ నా చెవికి పెట్టాడు. ఉత్త గాలి. ఎక్కడా తెగకుండా, తడబడకుండా, ఒకే తీరుగా పోతున్న గాలి. అంత సంతోషం కలిగించే నిశ్శబ్దాన్ని నేను మళ్లీ వినలేదు.

కొన్నాళ్లకు మెట్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. కొంగు ముడిలోంచి క్యాసెట్ తీసింది. భర్త మస్కట్ నుంచి పంపిన ఆఖరిదట. ముగ్గురు మెకానిక్‌లు చూసి, పెడితే తెగిపోతుందని వాపసు ఇచ్చారట. "పోతే పోనీ భాయ్. మళ్లొక్కసారి వినబడితే సాలు," అంది.

చాచా తన గైడ్లున్న డెక్కులో పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఉన్నట్టుండి ఇయర్ ఫోన్ తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో చెవికి అదిమిపెట్టుకుంది. తర్వాత తలెత్తి, ఎదురుగా ఎవరో నిలబడి అడిగినట్టు, "ఈనింది," అంది. "పెయ్యదూడనే."

భర్త ఎప్పుడో అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పింది. నేను కాపీలు తీస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. యంత్రంలో కాగితం కూడా లేదు.

ఆమె ముఖం తుడుచుకున్నాక చాచా ఊరుకోలేదు. గైడ్లు చూపించి, కొంగు అంచుతోనే అంతా వివరించాడు. ఆమె వింటూ వింటూ, "గింతేనా భాయ్? గింత దానికి గా ముగ్గురు సాతగాదన్నరా?" అంది.

"హౌ, గింతే!" అన్నాడు చాచా. తొడ మీద చరుచుకున్నాడు.

తండ్రి గొంతు ఎక్కించుకోవడానికి వచ్చిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ సారు ఆ గైడ్లు చూసి, దీనికి పేటెంట్ తీసుకో చాచా అన్నాడు. దరఖాస్తు ఎట్లా రాయాలో ఆయనే చెప్పాడు. టైపు చేసింది నేను. కనిపెట్టినవారు అన్న చోట చాచా పేరు పెద్ద అక్షరాల్లో కొట్టి ప్రింటు తీసి ఇస్తే, కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకొని చూశాడు. "నా పేరు రేషన్ కార్డుల గూడ సక్కగ లేదు బేటా. గిండ్ల మంచిగ కొట్టినవ్." సారు తర్వాత బదిలీ మీద వెళ్లిపోయాడు. చాచాకు ఈమెయిల్ లేదు కాబట్టి మా షాపుదే ఇచ్చాం. ఏడాదిన్నర తర్వాత చెన్నై పేటెంట్ ఆఫీసు జవాబు మా కంప్యూటర్‌కే వచ్చింది.

చదివి తెలుగులో చెప్పాను. వస్తువు కొత్తదైతే సరిపోదట. ఆ పని తెలిసిన మనిషికి సులువుగా తట్టేది కూడా కాకూడదట. ఎన్నో ఏళ్ల కిందట పరాయి దేశంలో ఒకరు ఒక గోడ తీసేసిన గైడు చేశారు. ఇంకొకరు వంచిన గైడు చేశారు. ఈ రెండు కాగితాలు ముందు పెట్టుకుంటే, ఈ పనిలో నైపుణ్యం ఉన్న ఎవరైనా రెండూ కలిపి మీ గైడు దాకా వచ్చేస్తారు కదా, ఎందుకు రారో చెప్పండి, అని అడిగారు.

చాచా అన్నీ విని ఒకటే అడిగాడు. "గా నైపుణ్యం ఉన్నాయన ఎవలు?"

"ఎవరూ కాదు చాచా. ఊరికే అనుకోవడం. అన్ని కాగితాలూ చదివినవాడు, పని బాగా వచ్చినవాడు ఒకడున్నాడనుకొని..."

"దుకాణం ఏడుంది ఆయనది?"

"లేదు చాచా. అట్లాంటి మనిషి లేడు."

"లేని మనిషికి నా పనంత తెలుసా?" నవ్వేశాడు. "పెద్ద ఉస్తాదే ఉన్నట్లున్నడు. రమ్మను. నాకాడ నలభై క్యాసెట్లు పెండింగ్ ఉన్నయి. సగం ఆయన చేస్తడు."

ఆ రోజు నుంచి చాయ్ హోటల్‌కు మూడు చెప్పేవాడు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు, ఒకటి చెన్నై ఉస్తాద్‌కు. ఉస్తాద్ చాయ్ కాసేపు స్టూలు మీద పొగలు కక్కేది. చల్లారబోయే ముందు మా ఓనరన్న వచ్చి తాగేవాడు. "ఇయ్యాల గూడ రాలే మీ ఉస్తాద్?" అని అడిగేవాడు. "తొవ్వల ఉన్నడు," అనేవాడు చాచా. "రెండు కాగితాలు సదువుకుంట వస్తుండు. కండ్లకు ఏం కనవడ్తలేదట." నవ్వుతాలుగానే మొదలైంది. కానీ ఒక్కోసారి ఆ ఖాళీ స్టూలు వైపు ఆయన చూసే చూపులో నవ్వు ఉండేది కాదు. ఆ మనిషి నిజంగా వస్తే బాగుండునని, వచ్చి కూర్చుని, ఎనిమిదో ప్రయత్నం తన చేత్తో చేసి, టేపు కుప్పపడితే తలెత్తి "అవునన్నా, రాదు" అంటే బాగుండునని ఆశపడుతున్నట్టు ఉండేది.

ఆయనకు కావలసింది అదే. పేటెంట్ వస్తే ఏం వస్తుందని మా ఓనరన్న అడిగితే, "ఏమస్తది? ఎవడు కొంటడు గైడ్లు ఈ కాలంల?" అన్నాడు. "గాని చదువుకున్నోళ్లు కూసొని, ఇది గీ మనిషికే తట్టింది, ఇంకెవనికి తట్టకపోవు అని ఒక కాగితం మీద రాస్తే... జర చూసుకోవాలనిపిస్తది."

జవాబు పంపాం. విచారణ వీడియోలో పెట్టారు. నువ్వే ఇంగ్లీషులో చెప్పాలి బేటా అన్నాడు చాచా. సరేనన్నాను. పది రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. రెండూ కలిపితే రాదు అన్నదానికి నా డైరీయే సాక్ష్యం. ఎనిమిది నుంచి పదిహేడు దాకా ఉన్న పేజీలకు గుర్తుగా బస్సు టికెట్లు పెట్టుకున్నాను.

ఆ రోజు ఓనరన్న షట్టర్ సగం దించి, 'జిరాక్స్ మధ్యాహ్నం తర్వాత' అని అట్ట తగిలించాడు. చాచా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నమాజు టోపీ వేసుకొని, గైడ్లను అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టుకొని వచ్చాడు. తెర మీద ఒక మేడం కనిపించింది. కఠినంగా ఏమీ లేదు. నెమ్మదిగానే అడిగింది. "ఈ రెండింటినీ కలిపితే పనిచేయదని అంటున్నారు. చేసి చూశారా? దాఖలా ఏమైనా ఉందా?"

ఆమె అడిగింది అదొక్కటే. జవాబు నా ఒళ్లో ఉంది.

తెర మూలన చిన్న చదరంలో నా ముఖం నాకే కనబడుతోంది. ఆ ముఖం నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చాచా ఒక్కసారి నా వైపు చూశాడు. నా కుర్చీని మెల్లగా పక్కకు జరిపి, తను ముందుకు వచ్చి, అగ్గిపెట్టె తెరిచాడు.

"మేడం, మై బోల్తౌం," అన్నాడు. ఇంగ్లీషు రాదు, తన దక్కనీలోనే చెప్పుకుపోయాడు. మేడంకు హిందీ కొంత వచ్చు. ఆయన జేబురుమాలు అంచుతో టేపు ఎట్లా ఉంటుందో చూపించాడు. రెండు పెన్సిళ్లు ఎదురెదురుగా వంచి, వాటి మీదుగా రుమాలు నడిపించాడు. మెట్‌పల్లి ఆమెకు చెప్పినంత ఇష్టంగా, అంతే తేలికగా. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరికైనా అర్థమవుతుంది. మేడంకూ అర్థమైంది. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది.

"బస్, ఇత్నా హీ?" అంది. హిందీలో అదే 'గింతేనా'.

వద్దు చాచా అని లోపల అరిచాను. నా అరుపు నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఆయన ముఖం అప్పటికే వెలిగిపోయింది.

"హౌ మేడం! బస్ ఇత్తాచ్!" అని తొడ మీద చరుచుకున్నాడు.

రాసి పంపాల్సింది ఏమైనా ఉంటే పదిహేను రోజుల్లో పంపమన్నారు. రాతలో నాకు భయం లేదు. రెండు రాత్రులు కూర్చుని ప్రయత్నాలన్నీ ఇంగ్లీషులోకి మార్చాను. డైరీ పేజీల కాపీలు జతచేశాను. నా సంగతులున్న చోట తెల్లకాగితం అడ్డుపెట్టి జిరాక్స్ తీశాను. చాచా చాయ్ తాగలేదన్న వాక్యం మీద మాత్రం పెట్టలేదు. మరిచిపోయానో, పెట్టబుద్ధి కాలేదో ఇప్పటికీ తెలియదు.

పంపేముందు తెలుగులో చదివి వినిపిస్తే, చాచాకు ఇబ్బందిగా అనిపించింది. "గింత కష్టమని రాయాల్నా? కష్టపడ్డట్టు కనవడితే పనోని తప్పు కాదా బేటా?"

"అక్కడ కష్టమే కనబడాలి చాచా."

"ఉల్టా దునియా ఉన్నదే," అని సంతకం పెట్టాడు.

దరఖాస్తు తిరస్కరించారు. ఉత్తర్వులో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నోటుపుస్తకం సొంత విషయాలతో కలిసి ఉంది, కొలతలు లేవు, దాన్ని ధ్రువీకరించినవారు లేరు. పైగా విచారణలో దరఖాస్తుదారే స్వయంగా, ఇది ఇంత సులభమైనదేనని ఒప్పుకున్నారు. ఆ వాక్యం చాచా రెండోసారి చదివించుకున్నాడు.

"అబద్ధమేమన్న రాసిండ్లా?"

"లేదు చాచా."

"మరింకేంది. అన్నదే రాసింది. మంచి మనిషే మేడం." లేచి తన దుకాణంలోకి పోయాడు. పైన హైకోర్టు దాకా పోవచ్చని ఓనరన్న అంటే చేతులు ఊపాడు.

మర్నాడు చాయ్ హోటలాయన కేక వేశాడు. "చాచా, మూడేనా?"

"రెండే," అన్నాడు చాచా. "ఉస్తాద్ ఇగ రాడు."

మోకాళ్లు సహకరించక ఆ మరుసటేడు దుకాణం తీసేసి, ఆదిలాబాద్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లే రోజు సామాను కట్టడానికి సాయం చేశాను. క్షమించమని అడగాలని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. బయటికి రాలేదు. తాడు ముడి వేస్తూ ఆయనే అన్నాడు. "గా దినం నోరు రాలే అని ఇంక ఫికర్ చేస్తున్నవా? పాగల్. గాలి నడుస్తున్నదనుకో. మాట ఎప్పుడో షురూ అయితది." నేను తల ఊపాను. ఆ తర్వాత ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఫోన్లో మాట్లాడడం నాకు ఇంకా కష్టం. రెండు పండుగలకు మెసేజ్ పెట్టాను, అంతే.

లుంగీలోంచి డెక్కు తీసి గచ్చు మీద పెట్టాను. కూడా వచ్చిన క్యాసెట్ ఆయన ప్రయత్నాలకు వాడినదే, ఒక అంచు కుచ్చిళ్లు పెట్టినట్టు సాగి ఉంది. ఎక్కడైనా ఆయన గొంతు ఉంటుందేమోనని ఆశ కలిగింది. అంతమంది గొంతులు కాపాడిన మనిషి ఒక్క మాటైనా వదిలి ఉండడా? ప్లే నొక్కాను. నాలుగు క్షణాల్లో టేపు మడత పడింది. బస్సు కుదుపులకు గైడ్ల స్క్రూలు వదులైపోయినట్టున్నాయి.

డైరీ తెచ్చి ఇరవై మూడు తీశాను. అన్నీ ఉన్నాయి. మొదటిది ఇటు వంగాలి, రెండోది అటు. మొదటిదాంట్లో సగం కంటే జర తక్కువ. ఆ 'జర' ఎంతో మాత్రం లేదు. తిప్పాను. టేపు పైకెక్కింది. ఇంకొంచెం తిప్పాను, కుప్పపడింది. జాగ్రత్తగా వేలితో సాపు చేసి, వెనక్కి తిప్పి, మళ్లీ. చెన్నై ఉస్తాద్ చదివిన రెండు కాగితాలూ నేను చదివాను. ఆయన చదవని ఇరవై మూడు పేజీలూ నా చేతిలో ఉన్నాయి. గైడ్లు కూడా చేసి పెట్టినవే, నేను చేయాల్సింది రెండు స్క్రూలు తిప్పడం. ఇప్పుడు నేను చేసేది ఒక స్కూలు ఆఫీసులో. రోజూ పని అయిపోయి వచ్చాక కూర్చుంటున్నాను. శనివారానికి పద్దెనిమిదిసార్లయింది. ప్రతిదీ డైరీలో రాస్తున్నాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం పంతొమ్మిదోసారి కళ్లు మూసుకొని తిప్పాను. ఇయర్ ఫోన్లో హోరు సన్నగా సాగింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది లెక్కపెట్టేదాకా తెగకుండా పోయింది. ఆ తొమ్మిది క్షణాలు ఆయన దుకాణంలో ఉన్నాను. తర్వాత టప్‌మని మడత.

"గింతుందా చాచా," అన్నాను. పైకే అన్నాను.

వంటింట్లోంచి అవ్వ వచ్చింది. "ఎవలతోని మాట్లాడుతున్నవే?" నా ముందున్న డెక్కులోకి, ఆ రెండు చిన్న ఇనుప గుంజల్లోకి వంగి చూసింది. "వారం దినాల సంది దీంతోనేనా నీ పరేషాన్? గింతేనా?"

"కాదవ్వా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆగిపోయింది.

"గింతే కాదు. కూసో, చెప్తా."

పీట జరిపి, డైరీలో మొదటి ప్రయత్నం రాసిన పేజీ తీశాను. ఆ పేజీలో హాస్టల్ పప్పు సంగతి కూడా ఉంది. ఏదీ వదలకుండా, గట్టిగా చదవడం మొదలుపెట్టాను.